సౌర, పవన విద్యుత్ కేంద్రాలను గ్రిడ్‌కు కలిపే ముందు వోల్టేజీ స్థిరత్వాన్ని లెక్కకట్టడం ఎలా? సమగ్ర మార్గదర్శి

ఇన్వర్టర్లతో (విద్యుత్తును గ్రిడ్‌కు తగిన ఏసీగా మార్చే పరికరాలతో) నడిచే సౌర, పవన విద్యుత్తు పెరిగితే గ్రిడ్‌లో వోల్టేజీ నిలకడ తగ్గుతుందా? దీనికి అవుననో కాదనో ఒక్క మాటలో తేల్చేసేవారిని నమ్మకండి. ఒకే కంపెనీ ఇన్వర్టర్ ఒక సబ్‌స్టేషన్‌లో వోల్టేజీని నిలబెడుతుంది, మరో సబ్‌స్టేషన్‌లో ఊగిస్తుంది. తేడా కలిపిన చోట గ్రిడ్‌కు ఉన్న బలంలో ఉంటుంది, ఆ యంత్రానికి మనం ఇచ్చిన ఆదేశంలో ఉంటుంది. ఈ రెండింటినీ ముందే లెక్కకట్టవచ్చు. ఎలాగో అడుగడుగునా చూపడానికే ఈ వ్యాసం. ట్రాన్స్‌కోలో కొత్తగా చేరిన ఇంజినీర్లు, ప్లాంట్లు కట్టే సంస్థల్లో పనిచేసేవారు, ఎలక్ట్రికల్ విద్యార్థులు కాగితం, కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకుని చదివితే మంచిది.

ఒక విషయం మొదటే మనసులో నాటుకోవాలి. ఫ్రీక్వెన్సీ దేశమంతటికీ ఒకటే. కశ్మీరులోనూ కన్యాకుమారిలోనూ అదే 50 హెర్ట్జ్. వోల్టేజీ అలా కాదు, సబ్‌స్టేషన్‌కొక లెక్క. వోల్టేజీని నిలబెట్టే రియాక్టివ్ పవర్ (పని చేయకుండా లైన్లకూ యంత్రాలకూ మధ్య అటూ ఇటూ ఊగే పవర్) దూరం ప్రయాణించలేదు, దారిలోని లైన్ల రియాక్టెన్సే (ఏసీ కరెంటుకు లైను చూపే అడ్డే) దాన్ని మింగేస్తుంది. అందుకే రాయలసీమలో వోల్టేజీ కుంగితే విశాఖలోని జనరేటర్ ఆదుకోలేదు. ఎక్కడి లోటు అక్కడే తీరాలి.

పాత యంత్రం, కొత్త యంత్రం

థర్మల్, జలవిద్యుత్ కేంద్రాల్లోని సింక్రనస్ జనరేటర్ స్వభావరీత్యా ఒక వోల్టేజీ మూలం. దగ్గరలో ఫాల్ట్ (షార్ట్ సర్క్యూట్ లాంటి లోపం) వచ్చి వోల్టేజీ పడిపోతే, ఎవరూ చెప్పకుండానే తన రేటింగ్‌కు ఐదారు రెట్ల కరెంటును ఆ క్షణాన తోస్తుంది. ఇది భౌతిక ధర్మం, సాఫ్ట్‌వేర్ కాదు. ఇన్వర్టర్‌లో ఉండేవి ట్రాన్సిస్టర్ స్విచ్‌లు. హద్దు దాటితే అవి కాలిపోతాయి కాబట్టి రేటింగ్‌కు 1.1 నుంచి 1.2 రెట్లకు మించి కరెంటు ఇవ్వవు. పైగా మనం ఎక్కువగా వాడే ఇన్వర్టర్లు గ్రిడ్‌ను అనుసరించే రకం. ఎదురుగా ఉన్న వోల్టేజీ తరంగాన్ని పీఎల్ఎల్ అనే సర్క్యూట్‌తో కొలిచి, దానికి తాళం కుదిరేలా కరెంటును పంపుతాయి. తరంగం శుభ్రంగా, స్థిరంగా ఉన్నంతకాలం పని సాఫీగా సాగుతుంది. తరంగమే వణికితే కొలత వణుకుతుంది. కొలత వణికితే కరెంటు వణుకుతుంది. గ్రిడ్ బలహీనంగా ఉంటే ఆ కరెంటే మళ్లీ తరంగాన్ని వణికిస్తుంది.

కొత్త యంత్రానికి ఒక గొప్ప గుణమూ ఉంది. సింక్రనస్ జనరేటర్ వోల్టేజీని సరిచేసే ఎక్సైటర్ స్పందించడానికి సెకను దాకా పట్టవచ్చు. ఇన్వర్టర్ కొన్ని పదుల మిల్లీసెకన్లలోనే రియాక్టివ్ కరెంటును మార్చగలదు. ఆ వేగాన్ని వాడుకోవడమా, వృథా చేయడమా అన్నది మన చేతుల్లో ఉంది.

మొదటి అడుగు: కనిష్ఠ ఫాల్ట్ లెవల్ అడిగి తెచ్చుకోండి

ప్లాంటును కలిపే బస్ (సబ్‌స్టేషన్‌లో లైన్లన్నీ కలిసే చోటు) దగ్గర మూడు ఫేజుల షార్ట్ సర్క్యూట్ ఎంవీఏ, అంటే ఫాల్ట్ లెవల్, ఎంతో ట్రాన్స్‌మిషన్ సంస్థ నుంచి తీసుకోండి. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. వారికి అందేది సాధారణంగా బ్రేకర్ రేటింగ్ కోసం వేసిన గరిష్ఠ ఫాల్ట్ లెవల్. మనకు కావలసింది కనిష్ఠం. దగ్గరలోని థర్మల్ యూనిట్లు ఆగి ఉన్నప్పుడు, ఒక ముఖ్యమైన లైను మరమ్మతుకు తీసినప్పుడు ఎంత మిగులుతుందో అది.

సౌర విద్యుత్తు ఎక్కువగా వచ్చే మధ్యాహ్నం వేళ థర్మల్ యూనిట్లను తగ్గించి నడుపుతారు, కొన్నింటిని ఆపేస్తారు. అంటే ఇన్వర్టర్లు నిండుగా నడిచే గంటల్లోనే గ్రిడ్ బలం తక్కువగా ఉంటుంది. కర్నూలు సమీపంలో గని, శకునాల గ్రామాల దగ్గర 2017లో పూర్తయిన 1000 మెగావాట్ల సోలార్ పార్కును తీసుకున్నా, అనంతపురం సరిహద్దుకు ఆనుకుని కర్ణాటకలో ఉన్న 2050 మెగావాట్ల పావగడను తీసుకున్నా, పెద్ద పార్కులు వచ్చేది ఎండ, బంజరు భూమి దండిగా ఉన్నచోటే. పెద్ద నగరాలు, పరిశ్రమలు ఉండేది మరోచోట. దూరం ఎక్కువైతే రియాక్టెన్స్ ఎక్కువ, ఫాల్ట్ లెవల్ తక్కువ.

ఫాల్ట్ లెవల్‌తో పాటు రియాక్టెన్స్, రెసిస్టెన్స్‌ల నిష్పత్తిని కూడా అడగండి. మూడో అడుగులో అది లేకుండా లెక్క కదలదు.

రెండో అడుగు: షార్ట్ సర్క్యూట్ నిష్పత్తి

ఫాల్ట్ లెవల్‌ను ప్లాంటు మెగావాట్లతో భాగిస్తే షార్ట్ సర్క్యూట్ నిష్పత్తి, అంటే ఎస్‌సీఆర్ వస్తుంది. ఉదాహరణకు 132 కేవీ బస్ దగ్గర కనిష్ఠ ఫాల్ట్ లెవల్ 500 ఎంవీఏ, ప్లాంటు 100 మెగావాట్లు అనుకుందాం. నిష్పత్తి 5. సాధారణంగా 3కు పైన ఉంటే బలమైన గ్రిడ్ అనీ, 2 నుంచి 3 మధ్య బలహీనమనీ, 2కు దిగువన అతి బలహీనమనీ చెబుతారు. 5 చూడగానే నిశ్చింతగా అనిపిస్తుంది.

అయితే అదే బస్‌కు పక్క కంపెనీవి మరో 200 మెగావాట్లు కలిస్తే? ప్రతి కంపెనీ తన లెక్క తాను వేసుకుని, నిష్పత్తి బాగానే ఉందని నివేదిక ఇస్తుంది. నిజానికి ఆ 500 ఎంవీఏ బలాన్ని 300 మెగావాట్లు పంచుకుంటున్నాయి. అసలు నిష్పత్తి 1.67. దగ్గర దగ్గరగా ఉన్న కేంద్రాలన్నింటినీ కలిపి లెక్కించే వెయిటెడ్ ఎస్‌సీఆర్ అనే పద్ధతి ఇందుకే ఉంది. అమెరికాలోని టెక్సస్ గ్రిడ్ నిర్వాహక సంస్థ ఎర్కాట్ తన పాన్‌హాండిల్ ప్రాంతంలోని పవన విద్యుత్తుకు ఈ పద్ధతిలోనే 1.5ను కనిష్ఠ హద్దుగా పెట్టుకుంది. ఇరుగుపొరుగు ప్లాంట్లను లెక్కలోకి తీసుకోని నివేదికను వెనక్కి పంపండి.

మూడో అడుగు: చేతి లెక్క, ఆ తర్వాత అసలు లెక్క

పై ఉదాహరణనే కొనసాగిద్దాం. 100 ఎంవీఏ బేస్ మీద గ్రిడ్ ఇంపిడెన్స్ 100ను 500తో భాగిస్తే 0.2 పర్ యూనిట్ (బేస్ విలువలో ఎన్నో వంతు అన్న కొలత). రియాక్టెన్స్, రెసిస్టెన్స్‌ల నిష్పత్తి 5 అయితే రియాక్టెన్స్ 0.196, రెసిస్టెన్స్ 0.039.

చేతి లెక్క సూత్రం చిన్నది. వోల్టేజీ మార్పు సుమారుగా రెసిస్టెన్స్ × యాక్టివ్ పవర్ + రియాక్టెన్స్ × రియాక్టివ్ పవర్. 100 మెగావాట్లు యూనిటీ పవర్ ఫ్యాక్టర్‌తో, అంటే రియాక్టివ్ పవర్ ఏమీ లేకుండా, ఇస్తే 3.9 శాతం పెరుగుదల అని ఇది చెబుతుంది. పూర్తి వర్గ సమీకరణం వేసి చూడండి, పెరిగేది 2 శాతమే. మిగతాది ఏమైంది? లైను గుండా కరెంటు పారుతున్నప్పుడు లైను రియాక్టెన్స్ తినేసే రియాక్టివ్ పవర్‌ను చేతి సూత్రం పట్టించుకోదు. ఆ తిండి కరెంటు వర్గంతో పెరుగుతుంది. అంటే మెగావాట్లు రెట్టింపయితే అది నాలుగింతలు. అసలు ప్రమాదం ఇక్కడే దాగి ఉంది.

అదే బస్ మీద మెగావాట్లు పెంచుతూ పోండి, రియాక్టివ్ సాయం ఏమీ లేకుండా (వోల్టేజీ 1.0 అంటే నిర్దేశిత విలువ):

100 మెగావాట్ల దగ్గర వోల్టేజీ 1.02
200 దగ్గర 0.998
250 దగ్గర 0.962
300 దగ్గర 0.874
311 దగ్గర సమీకరణానికి జవాబే ఉండదు

మొదటి 200 మెగావాట్ల వరకు వోల్టేజీ ఇంచుమించు కదల్లేదు. తర్వాతి 50కి మూడున్నర శాతం కుంగింది. ఆపై 50కి దాదాపు 9 శాతం. మరో 11 మెగావాట్లకు కుప్పకూలే అంచు. పీవీ కర్వ్ అని పుస్తకాల్లో గీసే ముక్కు ఆకారపు రేఖ ఇదే. సాధారణంగా దాన్ని లోడు పెరిగేకొద్దీ గీస్తారు. ఉత్పత్తి పెరిగినా అదే ముక్కు ఎదురవుతుందని చాలామందికి తట్టదు. "నిన్నటి దాకా బాగానే ఉంది, ఇవాళ ఇంకో చిన్న ప్లాంటు కలిపితే ఏమవుతుంది" అనే మాట ఎంత ప్రమాదకరమో ఈ ఐదు వరుసలు చెబుతాయి. మీ బస్‌కు ఈ పట్టికను మీ చేత్తోనే వేయండి. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన రేఖను చూడటం వేరు, ముక్కు అంచుకు ఎంత దూరంలో ఉన్నామో స్వయంగా లెక్కకట్టి తెలుసుకోవడం వేరు.

అన్ని ఇన్వర్టర్లూ కలిసి వోల్టేజీని 1.0 దగ్గర పట్టి ఉంచితే ఈ అంచు చాలా దూరం జరుగుతుంది. కాబట్టి తర్వాతి ప్రశ్న: వాటికి ఆ శక్తి ఉందా?

నాలుగో అడుగు: రియాక్టివ్ సామర్థ్యం ఎక్కడ కొలుస్తున్నారు?

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ గ్రిడ్ అనుసంధాన ప్రమాణాల ప్రకారం సౌర, పవన కేంద్రాలు పవర్ ఫ్యాక్టర్ 0.95 ల్యాగింగ్ నుంచి 0.95 లీడింగ్ దాకా రియాక్టివ్ పవర్‌ను మార్చగలగాలి. 100 మెగావాట్ల ప్లాంటుకు ఇది అటు 33, ఇటు 33 మెగావార్లు (రియాక్టివ్ పవర్ కొలత). ఇన్వర్టర్ బ్రోచర్‌లో ఈ అంకె కనబడగానే సరిపోయిందనుకోకూడదు. ప్రమాణం అడిగేది గ్రిడ్‌ను కలిసే చోట. బ్రోచర్ చెప్పేది ఇన్వర్టర్ టెర్మినల్ దగ్గర. మధ్యలో రెండు అంచెల ట్రాన్స్‌ఫార్మర్లున్నాయి. ఇన్వర్టర్ ట్రాన్స్‌ఫార్మర్ ఇంపిడెన్స్ 6 శాతం, ప్లాంటు మొత్తాన్ని గ్రిడ్‌కు కలిపే పూలింగ్ ట్రాన్స్‌ఫార్మర్‌ది 12 శాతం అనుకుంటే, నిండు ఉత్పత్తిలో ఆ రెండూ కలిసి దాదాపు 19 మెగావార్లు తినేస్తాయి. అంటే బయటికి 33 ఇవ్వాలంటే లోపల 52 పుట్టాలి. 100 మెగావాట్లూ 52 మెగావార్లూ కలిపి మోయడానికి సుమారు 113 ఎంవీఏ ఇన్వర్టర్లు కావాలి. కేబుళ్ల ఛార్జింగ్ కొంత వెనక్కి ఇస్తుంది గానీ దాని మీద ఆధారపడి టెండరు రాయకండి.

రెండు జాగ్రత్తలు. ఇన్వర్టర్ రేటింగ్ ఉష్ణోగ్రతతో తగ్గుతుంది, కాబట్టి రాయలసీమ మే నెల ఎండలో కంటైనర్ లోపలి వేడికి ఎంత మిగులుతుందో తయారీదారు ఇచ్చే డీరేటింగ్ రేఖలో చూడండి. రెండోది, వోల్టేజీ తగ్గినప్పుడు కరెంటు హద్దు అడ్డుపడుతుంది. రియాక్టివ్ పవర్ బాగా అవసరమైన ఆ క్షణంలోనే ఇవ్వగలిగేది తగ్గిపోతుంది.

ఐదో అడుగు: ఏ కంట్రోల్ పద్ధతి పెట్టారు?

ఈ మార్గదర్శిలో ఒక్క అడుగే గుర్తుంచుకోగలిగితే దీన్ని గుర్తుంచుకోండి. ప్లాంటు కంట్రోలర్‌లో సాధారణంగా మూడు పద్ధతులు ఉంటాయి. స్థిర పవర్ ఫ్యాక్టర్, స్థిర రియాక్టివ్ పవర్, వోల్టేజీ కంట్రోల్. మొదటిది కాగితం మీద శుభ్రంగా ఉంటుంది, మీటరు లెక్క సులువు. అందుకే అందరికీ ఇష్టం. గ్రిడ్‌కు మాత్రం అది మేలు చేయదు.

ఎందుకో మన ఉదాహరణలోనే చూద్దాం. 100 మెగావాట్ల ప్లాంటు 0.95 పవర్ ఫ్యాక్టర్‌తో రియాక్టివ్ పవర్‌ను పీల్చుకుంటూ నడుస్తోంది, అంటే 33 మెగావార్లు లోపలికి. బస్ వోల్టేజీ 0.949కి దిగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ట్యాపులు (చుట్ల నిష్పత్తి) మార్చి, కెపాసిటర్లు వేసి దాన్ని 1.0కి తెచ్చుకున్నారు. అంతలో ఏదో కారణంతో ప్లాంటు ఉత్పత్తి ఒక్కసారిగా పోయింది. స్థిర పవర్ ఫ్యాక్టర్‌లో మెగావాట్లు పోతే మెగావార్లు కూడా పోతాయి. పీల్చుకునేవాడు మాయమయ్యాడు, ట్యాపులు మాత్రం అక్కడే ఉన్నాయి. వోల్టేజీ ఒక్క గెంతున 1.05కు పైకి వెళుతుంది. పక్క ప్లాంటు అధిక వోల్టేజీ రక్షణ అంచుకు చేరుతుంది. అదీ తప్పుకుంటే దాని మెగావార్లూ మాయం, వోల్టేజీ ఇంకా పైకి.

2025 ఏప్రిల్ 28న ఐబీరియా ద్వీపకల్పంలో జరిగింది ఈ రకం గొలుసుకట్టే. ఆ రోజు స్థానిక సమయం 12 గంటల 3 నిమిషాలకు 0.6 హెర్ట్జ్ ఊగిసలాట, 12.19కి 0.2 హెర్ట్జ్ ఊగిసలాట కనిపించాయి. వాటిని అణచడానికి ఆపరేటర్లు మరిన్ని లైన్లను కలిపారు, ఫ్రాన్స్‌కు ఎగుమతి తగ్గించారు. లైన్ల మీద లోడు తగ్గింది. లోడు తగ్గిన లైన్లు తామే రియాక్టివ్ పవర్‌ను పుట్టిస్తాయి కాబట్టి వోల్టేజీ పైకి లేవడం మొదలైంది. గ్రనడా ప్రాంతంలో ఒక ట్రాన్స్‌ఫార్మర్ ట్రిప్ అయి 355 మెగావాట్లు పోయాయి. ఆ వెంటనే బడహోస్, సెవిల్ ప్రాంతాల్లో సౌర కేంద్రాలు తప్పుకున్నాయి. ఫ్రాన్స్‌తో సింక్రనిజం తెగిపోయింది. 12.33కి స్పెయిన్, పోర్చుగల్ ప్రధాన భూభాగాలు చీకటయ్యాయి. ఆ రోజుకు స్పెయిన్‌లో అమల్లో ఉన్న నియమం పునరుత్పాదక కేంద్రాలను స్థిర పవర్ ఫ్యాక్టర్‌లోనే నడపమంది. వోల్టేజీని పట్టే బాధ్యత సంప్రదాయ కేంద్రాలది. వాటిలో కొన్ని ఆ రోజు తాము పీల్చుకోవాల్సినంత పీల్చుకోలేదని స్పెయిన్ ప్రభుత్వ నివేదిక తేల్చింది. వోల్టేజీని పట్టగల వేలాది ఇన్వర్టర్లు గ్రిడ్ మీదే ఉన్నాయి. పట్టమని వాటికి ఎవరూ చెప్పలేదు. పునరుత్పాదక కేంద్రాలు కూడా వోల్టేజీ కంట్రోల్‌లో పాల్గొనేలా సవరించిన నియమాన్ని 2025 జూన్‌లో ఆమోదించారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. సౌర విద్యుత్తును ఈ ప్రమాదంలో దోషిగా నిలబెట్టిన వార్తలు చదివినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. తప్పు యంత్రానిది కాదు, దాన్ని చేతులు కట్టుకుని కూర్చోమన్న నియమానిది.

కాబట్టి వోల్టేజీ కంట్రోల్‌ను డ్రూప్‌తో (వోల్టేజీ ఎంత తప్పితే అంతకు తగ్గ మెగావార్లు ఇచ్చే వాలుతో) పెట్టండి. డ్రూప్ 4 శాతం అంటే వోల్టేజీ 4 శాతం కుంగితే మొత్తం 33 మెగావార్లూ ఇస్తుంది, 1 శాతానికి సుమారు 8. మన 500 ఎంవీఏ బస్ మీద ఈ 8 మెగావార్లు వోల్టేజీని 1.6 శాతం ఎత్తగలవు. అంటే లూప్ గెయిన్ (కుంగుబాటుకు ఎన్ని రెట్లు స్పందిస్తుందన్న లెక్క) 1.6. ఈ కంట్రోల్ లేకపోతే 1 శాతం కుంగే చోట, ఇది ఉంటే 0.4 శాతమే కుంగుతుంది.

డ్రూప్‌ను 1 శాతానికి బిగిస్తే ఇంకా బాగుంటుంది కదా అనిపిస్తుంది. గెయిన్ 6.5 అవుతుంది. ప్లాంటు కంట్రోలర్ కొలిచి, లెక్కించి, వందలాది ఇన్వర్టర్లకు ఆదేశం పంపే సరికి వందల మిల్లీసెకన్లు పడతాయి. ఆ ఆలస్యంతో అంత గెయిన్ కలిస్తే వోల్టేజీ ఊగుతుంది. ఇంకో మెలిక ఉంది. ఒక లైను పోయి ఫాల్ట్ లెవల్ సగమైతే రియాక్టెన్స్ రెట్టింపు, సెట్టింగు ముట్టుకోకుండానే గెయిన్ రెట్టింపు. అందుకే డ్రూప్‌ను మామూలు రోజుకు కాదు, లైను పోయిన రోజుకు సరిపోయేలా ఎంచుకోవాలి. ఒకే బస్ మీద రెండు ప్లాంట్లుంటే రెండింటికీ డ్రూప్ తప్పనిసరి. డ్రూప్ లేకుండా రెండూ ఒకే వోల్టేజీ మీద పంతం పడితే ఒకటి మెగావార్లు తోస్తుంది, మరొకటి మింగుతుంది.

సాయంత్రాన్ని మరచిపోకండి. 400 కేవీ ట్విన్ మూస్ (ఫేజుకు రెండు మూస్ రకం తీగలున్న) లైను కిలోమీటరుకు అర మెగావార్‌కు పైగా పుట్టిస్తుంది. 200 కిలోమీటర్లకు దాదాపు 110. సుమారు 500 మెగావాట్లు పారుతున్నప్పుడు ఆ పుట్టుకకూ లైను తిండికీ సరిగ్గా సరిపోతుంది. పొద్దు గూకి పార్కు మెగావాట్లు సున్నాకు దిగితే ఆ 110 మెగావార్లకు దిక్కుండదు, వోల్టేజీ 420 కేవీ హద్దు వైపు ఎక్కుతుంది. రాత్రి కూడా రియాక్టివ్ పవర్ పీల్చుకోగల ఇన్వర్టర్లను ఎంచుకుని, ఆ సౌకర్యాన్ని ఆన్ చేయించండి. చాలా చోట్ల సౌకర్యం ఉంటుంది, ఆన్ చేసి ఉండదు. రాత్రి నష్టాల ఖర్చు ఎవరు భరించాలన్న ఒప్పందం లేకపోవడమే తరచూ అసలు కారణం. ఆ ఒప్పందాన్ని ముందే రాసుకోవాలి.

ఆరో అడుగు: ఫాల్ట్ సమయంలో నిలబడుతుందా?

మన ప్రమాణాల ప్రకారం వోల్టేజీ 15 శాతానికి పడిపోయినా 300 మిల్లీసెకన్ల పాటు ప్లాంటు తప్పుకోకూడదు. పైకి వెళితే, 110 నుంచి 120 శాతం మధ్య 2 సెకన్లు, 120 నుంచి 130 శాతం మధ్య 0.2 సెకను నిలబడాలి. వోల్టేజీ కోలుకున్నాక ఒక సెకనులోపు మునుపటి ఉత్పత్తిలో 90 శాతానికి తిరిగి రావాలి. ఈ అంకెలు అందరికీ తెలిసినవే. అసలు పరీక్ష వీటి చుట్టూ ఉన్న సందుల్లో ఉంటుంది.

వరుస ఫాల్ట్‌లు ఒక సందు. 2016 సెప్టెంబరు 28న దక్షిణ ఆస్ట్రేలియాలో తుపాను గాలులకు లైన్ల టవర్లు కూలి, రెండు నిమిషాల్లో ఆరుసార్లు వోల్టేజీ కుంగింది. పవన కేంద్రాలు మొదటి కుంగుబాట్లను తట్టుకున్నాయి. కానీ నిర్ణీత వ్యవధిలో ఇన్నిసార్లకు మించి కుంగితే తప్పుకోవాలన్న సెట్టింగు తొమ్మిది కేంద్రాల్లో ఉంది. ఏడు సెకన్లలోపు 456 మెగావాట్లు పోయాయి, పక్క రాష్ట్రంతో లింకు తెగింది, రాష్ట్రమంతా చీకటైంది. ఆ సెట్టింగు ఉందన్న సంగతి గ్రిడ్ నిర్వాహకులకు ఆ రోజు దాకా తెలియదు. మీ ఇన్వర్టర్ తయారీదారును లిఖితపూర్వకంగా అడగండి: వరుసగా ఎన్నిసార్లు, ఎంత వ్యవధిలో?

కొలత మరో సందు. అదే ఏడాది ఆగస్టు 16న కాలిఫోర్నియాలో బ్లూ కట్ కార్చిచ్చు పొగకు లైన్ల మీద ఫాల్ట్‌లు వచ్చి దాదాపు 1200 మెగావాట్ల సౌర విద్యుత్తు పోయింది. ఫాల్ట్ క్షణంలో వంకరపోయిన తరంగాన్ని చూసి కొన్ని ఇన్వర్టర్లు ఫ్రీక్వెన్సీ పడిపోయిందని తప్పుగా లెక్కించి తప్పుకున్నాయి. నిజమైన ఫ్రీక్వెన్సీ అంత పడలేదు. మరికొన్ని వోల్టేజీ 90 శాతానికి దిగగానే కరెంటు ఇవ్వడం తాత్కాలికంగా ఆపేశాయి. ఆ రెండో ప్రవర్తన మీ ప్లాంటులో ఉంటే తీసేయించండి. వోల్టేజీ కుంగినప్పుడు ఇన్వర్టర్ నోరు మూసుకోకూడదు. కుంగిన ప్రతి శాతానికి 2 శాతం చొప్పున అదనపు రియాక్టివ్ కరెంటు ఇవ్వడం చాలా దేశాల్లో మొదటగా ఎంచుకునే సెట్టింగు. బలహీనమైన గ్రిడ్‌లో ఈ గుణకాన్ని పెంచితే ఫాల్ట్ తొలగిన మరుక్షణం వోల్టేజీ మితిమీరి లేస్తుంది, కాబట్టి సిమ్యులేషన్‌లో చూడకుండా పెంచకండి.

మన నేలకు ప్రత్యేకమైన అంశం వ్యవసాయ మోటార్లు. ఆంధ్రప్రదేశ్‌లో సేద్యానికి పగటిపూట 9 గంటల విద్యుత్తు ఇస్తున్నారు. సౌర విద్యుత్తుకూ మోటార్లకూ వేళ కుదరడం మంచిదే. అయితే ఫాల్ట్ వచ్చినప్పుడు వేలాది బోరు మోటార్ల వేగం ఒకేసారి మందగిస్తుంది. ఫాల్ట్ తొలగాక మళ్లీ వేగం అందుకోవడానికి అవన్నీ ఒక్కసారిగా రియాక్టివ్ పవర్‌ను గుంజుతాయి. వోల్టేజీ సెకన్ల తరబడి కిందనే ఉండిపోతుంది. మీ అధ్యయనంలో లోడును స్థిర ఇంపిడెన్స్‌గా చూపితే ఈ దృశ్యమే కనబడదు, ఫలితం బ్రహ్మాండంగా వస్తుంది, మొదటికే మోసం వస్తుంది. లోడులో ఇండక్షన్ మోటార్ల వాటాను విడిగా మోడల్ చేయండి.

ఏడో అడుగు: సరైన సిమ్యులేషన్ ఎంచుకోండి

ఎస్‌సీఆర్ 3కు పైన ఉంటే ఆర్ఎంఎస్ రకం (తరంగాన్ని కాక దాని సగటు పరిమాణాన్ని లెక్కించే) డైనమిక్ అధ్యయనంతో చాలా సంగతులు తేలతాయి. 3కు దిగువన అది చాలదు. పీఎల్ఎల్ ఊగిసలాట, లోపలి కరెంటు లూపులు అందులో సరిగా కనబడవు. తరంగాన్ని మైక్రోసెకన్ల చొప్పున లెక్కించే ఈఎంటీ అధ్యయనం కావాలి. దానికి తయారీదారు అసలు కంట్రోల్ కోడ్ నుంచి కట్టిన మోడల్ ఉండాలి. లైబ్రరీలోని సాధారణ మోడల్ పెట్టి ఫలితం బాగుందనడం ఆత్మవంచన.

ఆస్ట్రేలియాలోని వెస్ట్ ముర్రే ప్రాంతంలో జరిగింది చూడండి. ఒక లైను పోతే అక్కడి సౌర కేంద్రాల్లో వోల్టేజీ ఊగిసలాట వస్తుందని అధ్యయనాల్లో తేలడంతో 2019 సెప్టెంబరులో ఐదు కేంద్రాల ఉత్పత్తిని సగానికి కట్టడి చేశారు. 2020 ఏప్రిల్‌లో ఆ కట్టడి ఎత్తేశారు. పరిష్కారం ఇన్వర్టర్ సెట్టింగులను తిరిగి సరిదిద్దడం. ఆ పని ప్లాంటు కట్టక ముందే జరిగి ఉంటే ఏడు నెలల సగం ఆదాయం పోయేది కాదు.

ఎనిమిదో అడుగు: లోటు తేలితే మందేమిటి?

ఖర్చు తక్కువ నుంచి ఎక్కువకు వెళ్లండి. మొదట సెట్టింగులు: కంట్రోల్ పద్ధతి, డ్రూప్, పీఎల్ఎల్ వేగం. దీనికి ఇంజినీర్ల సమయం తప్ప పెట్టుబడి లేదు.

తర్వాత స్టాట్‌కామ్, అంటే రియాక్టివ్ పవర్ కోసమే పెట్టే ఇన్వర్టర్ లాంటి పరికరం. వోల్టేజీ కుంగినా కరెంటు తగ్గించకుండా రియాక్టివ్ సాయం ఇస్తుంది, మారే వేగానికీ తగినది. అనంతపురం ప్రాంతంలోని ఎన్‌పీ కుంట సోలార్ పార్కు సబ్‌స్టేషన్‌లో ఇది ఉంది. కెపాసిటర్ బ్యాంకు చవక గానీ దాని సాయం వోల్టేజీ వర్గంతో తగ్గుతుంది. వోల్టేజీ 80 శాతానికి పడితే ఇచ్చేది 64 శాతమే. బలహీనమైన బస్ మీద కెపాసిటర్లు గుట్టలు పోయడం ముక్కు అంచును కప్పిపుచ్చుతుంది. వోల్టేజీ మామూలుగానే కనిపిస్తూ ఒక్కసారిగా కూలుతుంది.

స్టాట్‌కామ్ ఫాల్ట్ లెవల్‌ను పెద్దగా పెంచదు, అదీ ఇన్వర్టరే కదా. గ్రిడ్ బలమే తక్కువైతే సింక్రనస్ కండెన్సర్ కావాలి. ఇంధనం లేకుండా తిరిగే సింక్రనస్ యంత్రం అది. దక్షిణ ఆస్ట్రేలియా 2021లో డావెన్‌పోర్ట్, రాబర్ట్స్‌టౌన్ సబ్‌స్టేషన్లలో రెండేసి చొప్పున నాలుగు నెలకొల్పింది. దాంతో తప్పనిసరిగా నడపాల్సిన గ్యాస్ యూనిట్లను తగ్గించుకోగలిగింది. మనకు కృష్ణా నది మీద పెద్ద జలవిద్యుత్ కేంద్రాలున్నాయి. కండెన్సర్‌గా తిప్పే ఏర్పాటున్న జల యంత్రాలను నీరు వదలకుండానే వోల్టేజీ కోసం తిప్పవచ్చు. కొత్త యంత్రం కొనే ముందు ఉన్నవాటిలో వేటికి ఆ ఏర్పాటు ఉందో విచారించడం ధర్మం.

చివరిది గ్రిడ్‌ను తానే నిలబెట్టే రకం ఇన్వర్టర్, బ్యాటరీతో కలిపి. ఎదుటి తరంగాన్ని వెతుక్కోకుండా తానే వోల్టేజీ మూలంగా నిలుస్తుంది. కొత్తగా బ్యాటరీ టెండరు వేసేవారు ఈ గుణాన్ని ఇప్పుడే అడగాలి. కట్టిన తర్వాత చేర్చడం చాలా కష్టం. దీనికీ కరెంటు హద్దు ఉంటుందన్నది మాత్రం మరవకూడదు.

తొమ్మిదో అడుగు: క్షేత్రంలో రుజువు చేయండి

ప్లాంటు చార్జ్ అయ్యాక, నిండు ఉత్పత్తి వేళ, వోల్టేజీ సెట్ పాయింటును 1 శాతం మార్చి స్పందనను రికార్డు చేయండి. మెగావార్లు ఎన్ని సెకన్లలో తొమ్మిది పదో వంతులకు చేరాయి, దాటి ఎంత పైకి వెళ్లాయి, ఎన్నిసార్లు ఊగి సద్దుమణిగాయి అన్నవి చూడండి. ఆ రేఖను సిమ్యులేషన్ రేఖ మీద పెట్టండి. రెండూ కలవకపోతే మోడల్ తప్పు. మోడల్ తప్పయితే ఇంతకుముందు వేసిన అడుగులన్నీ తిరిగి వేయాలి. ఇదే పరీక్షను, గ్రిడ్ నిర్వాహకుల అనుమతితో, ఒక లైను తీసి ఉన్న రోజున కూడా చేయండి.

కొలత వేగం గురించి ఒక మాట. స్కాడాలో (దూరం నుంచి గ్రిడ్‌ను గమనించే వ్యవస్థలో) కొన్ని సెకన్లకొక అంకె వస్తుంది. సెకనుకు నాలుగైదు సార్లు ఊగే వోల్టేజీ అందులో ఊగని తిన్నని గీతలా కనిపించవచ్చు. సెకనుకు 25 లేదా 50 కొలతలు పంపే ఫేజర్ మెజర్‌మెంట్ యూనిట్‌ను పూలింగ్ బస్ దగ్గర పెట్టించండి, ఫాల్ట్ రికార్డర్‌ను తరంగ స్థాయిలో నడపండి. ఇన్వర్టర్ ఫర్మ్‌వేర్ మార్చిన ప్రతిసారీ సెట్టింగుల జాబితాను పాతదానితో వరుస వరుసగా సరిపోల్చండి. అప్‌డేట్‌తో పాటు ఫ్యాక్టరీ సెట్టింగులు తిరిగి వచ్చి వోల్టేజీ కంట్రోల్ మళ్లీ స్థిర పవర్ ఫ్యాక్టర్‌కు మారిపోవచ్చు. పక్కన కొత్త ప్లాంటు వచ్చినా, దగ్గరలోని థర్మల్ యూనిట్ మూతపడినా రెండో అడుగు నుంచి మళ్లీ లెక్క వేయండి.